పాత నాస్ పెట్టెను బతికించాలి, పాత పని మాత్రం అప్పగించకూడదు

గుంటూరు, విజయవాడ పట్టణాలలో ఫోటో స్టూడియోల వాళ్లూ, ఆడిటర్లూ, డాక్టర్లూ, పిల్లలు విదేశాలలో ఉన్న కుటుంబాల వాళ్లూ గత పది పదిహేనేళ్లలో కొనుక్కున్న నాస్ పెట్టెలు ఇప్పుడు ఒకటొకటిగా ఆగిపోయే వయసుకు వచ్చాయి. రౌటర్‌కు వైరుతో తగిలించి, లోపల ఒకటో రెండో హార్డ్ డిస్కులు అమర్చి, ఇంట్లోని ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకే చోట ఫైళ్లు దాచుకునేందుకు వాడే ఆ పెట్టె ఒకనాడు పనిచేయడం మానేస్తే, ఇంటివారు సాధారణంగా రెండు నిర్ణయాలకు వచ్చేస్తారు: లోపలున్నవన్నీ పోయాయని ఒకటి, పెట్టెను తుక్కులో వేసి కొత్తది కొనుక్కోవాలని మరొకటి. చాలా సందర్భాలలో ఈ రెండూ తొందరపాటు నిర్ణయాలేనని నా అభిప్రాయం. అలాగని పాత పెట్టెను ఎలాగో లేపి, మళ్లీ అదే మూలన, అదే పనికి కూర్చోబెట్టడం అంతకంటె పెద్ద ప్రమాదమని కూడా అంతే గట్టిగా నమ్ముతున్నాను. ఆగిపోయిన నాస్‌ను బతికించాలి. బతికించాక దాని హోదా తగ్గించాలి.

మా బావగారికి గుంటూరు అరండల్‌పేటలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల ఫోటోలూ వీడియోలూ ఆయన ఏళ్ల తరబడి రెండు డిస్కుల నాస్‌లో దాస్తూ వచ్చారు. స్టూడియోల వాళ్లకు ఈ నిల్వ ఎందుకంత ముఖ్యమో బయటివారికి తెలియకపోవచ్చు. ఆల్బమ్ ఇచ్చేసి డబ్బు తీసుకున్న తరువాత కూడా ఆ బాధ్యత తీరదు. ఆ ఇంట్లో పెద్దవారు కాలం చేసినప్పుడు, దినకార్యానికి పెద్ద ఫోటో కావాలంటూ ఎనిమిదేళ్ల కిందటి పెళ్లిలో ఆయన పట్టుపంచెతో కూర్చున్న ఫోటో వెతికి ఇమ్మని కొడుకు వచ్చి అడుగుతాడు. ఆ ఫోటో లేదని చెప్పడం కేవలం వ్యాపార నష్టం కాదు. అందుకే ఒక మే నెలలో ఆ పెట్టె ఆగిపోయినప్పుడు ఆయన కంగారుపడ్డారు. పట్టుకెళ్లి చూపించిన దుకాణంలో బోర్డు పోయిందనీ, కొత్తది కొనుక్కోవాలనీ, లోపలి డేటా కావాలంటే హైదరాబాదు పంపించాలనీ చెప్పారు. "ఇక దీనికి నూకలు చెల్లాయయ్యా, డేటా సంగతి ఏదైనా చేయగలవేమో చూడు" అని ఆయన దాన్ని నా చేతికిచ్చారు.

ఇక్కడే మొదటి సూత్రం చెప్పాలి. పెట్టెను బాగుచేయడం, డేటాను కాపాడుకోవడం వేర్వేరు పనులు. రెండవది ముందు చేయాలి. నాస్ అంటే లోపల ఒక చిన్న కంప్యూటరు, దాదాపు ఎప్పుడూ లైనక్స్ మీద నడిచేది. డిస్కుల మీద ఫైళ్లను అది ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్ఎఫ్‌ఎస్ వంటి లైనక్స్ పద్ధతులలోనే రాస్తుంది. ఆ డిస్కును బయటికి తీసి విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే విండోస్‌కు ఆ రాత చదవడం రాదు కనుక, వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలని అడుగుతుంది. చేసే పనిని సగంలో వదిలేయాల్సిన సందర్భం ఏదైనా ఉంటే అదే. అక్కడ సరేనని నొక్కినవారు పెట్టె చెడినందువల్ల పోని డేటాను తమ చేతులతో పోగొట్టుకుంటారు. పవర్ తీసేసి, ఏ డిస్కు ఏ అరలో ఉందో దాని మీదనే స్కెచ్ పెన్నుతో రాసి, బయటికి తీసి, పెన్ డ్రైవు నుంచి నడిచే లైనక్స్‌తో కంప్యూటరును తెరిచి, చదవడానికి మాత్రమే అనుమతించే పద్ధతిలో డిస్కును చూడాలి.

రెండు డిస్కుల మీద ఒకే సమాచారం రాసే రెయిడ్ 1 అమరిక అయితే, ఒక్క డిస్కు బాగున్నా మొత్తం ఫైళ్లు దొరుకుతాయి. రెండు డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కుగా వాడుకునే రెయిడ్ 0 అయితే రెండూ బాగుండాలి. ఏ అమరిక ఉందో యజమానులకు తరచుగా గుర్తుండదు. కొన్న నాడు కుర్రాడెవరో వచ్చి బిగించి వెళ్లి ఉంటాడు. ఆ వివరం డిస్కు మీదనే రాసి ఉంటుంది, లైనక్స్‌లోని రెయిడ్ పనిముట్టు దాన్ని చదివి చెబుతుంది. డిస్కు తనే బలహీనపడి, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో చదవలేని సెక్టార్లు కనిపిస్తుంటే, ఫైళ్లను ఒక్కొక్కటిగా లాగే ప్రయత్నం చేయకుండా డీడీరెస్క్యూ వంటి పనిముట్టుతో ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి, ఆ నకలు మీదనే తరువాతి ప్రయోగాలన్నీ చేయాలి. డిస్కు లోపల రాత చదివే తల టకటకమని కొట్టుకునే చప్పుడు వినిపిస్తే మాత్రం ఇంట్లో ఏమీ చేయకూడదు, వెంటనే పవర్ తీసేసి, డేటా అవసరమనుకుంటే ఆ పనికే ఉన్న నిపుణులకు పంపాలి.

కొన్ని పాత పెట్టెల విషయంలో మరొక చిక్కుంది, ఇది తెలియక నిరాశపడి వదిలేసినవారు చాలామంది ఉంటారు. వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ వంటి కొన్ని పరికరాలు ఈఎక్స్‌టీ4నే వాడినా, అందులో ఒక్కొక్క బ్లాకు 64 కిలోబైట్లుగా పెట్టుకున్నాయి. వాటి ప్రాసెసర్ మెమరీని 64 కిలోబైట్ల పేజీలుగా చూస్తుంది కనుక వాటికి అది కుదిరింది. మన మామూలు కంప్యూటర్లలో పేజీ 4 కిలోబైట్లే. పేజీ కంటె పెద్ద బ్లాకును లైనక్స్ మూలభాగమైన కెర్నెల్ ఎంతో కాలం అంగీకరించలేదు. దానితో ఆరోగ్యంగా ఉన్న డిస్కు కూడా చెడిపోయినదానిలా లోపం చూపిస్తుంది. కెర్నెల్‌తో పనిలేకుండా బయటి నుంచి చదివే ఫ్యూజ్ పద్ధతిలోని ఈఎక్స్‌టీ2 పనిముట్టు వాడితే అవే ఫైళ్లు చక్కగా కనిపిస్తాయి. డేటా పోయిందనే తీర్పు చెప్పే ముందు ఎన్ని తలుపులు తట్టి చూడాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

బావగారి డిస్కులు రెండూ బాగున్నాయి. ఫైళ్లు కొత్త డిస్కు మీదకు చేరాక నింపాదిగా పెట్టె సంగతి చూశాం. లక్షణం ఇది: మీట నొక్కగానే లైటు వెలుగుతుంది, డిస్కు తిరగడం మొదలవుతుంది, మరుక్షణం అంతా ఆరిపోతుంది, మళ్లీ మొదటి నుంచి అదే తంతు. దుకాణంలో మల్టీమీటరు పెట్టి అడాప్టర్ 12 వోల్టులు చూపిస్తోంది కనుక అది బాగానే ఉందని, తప్పు బోర్డుదేనని తేల్చారు. కాని బరువు లేనప్పుడు, అంటే ఏ పరికరమూ కరెంటు లాగనప్పుడు, చూసిన వోల్టేజి ఏమీ చెప్పదు. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కు తిరుగుతూ ఉన్నప్పుడు కొద్దిపాటి కరెంటే తీసుకుంటుంది గాని, ఆగి ఉన్న స్థితి నుంచి కదిలేటప్పుడు ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది; రెండు డిస్కులు ఒకేసారి కదిలితే 4 ఆంపియర్లు. అడాప్టర్‌ను పరీక్షించాలంటే ఆ బరువు మీదనే పరీక్షించాలి. అందుకు ఖరీదైన పరికరం అక్కరలేదు. కార్ల విడిభాగాల దుకాణంలో దొరికే 21 వాట్ల బ్రేకు లైటు బల్బు 12 వోల్టుల మీద దాదాపు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. అటువంటి బల్బులు రెండు తగిలించి చూస్తే ఆ అడాప్టర్ వోల్టేజి 9 కిందికి జారిపోయింది. బోర్డుకు ఏ దోషమూ లేదు.

అడాప్టర్లు ఇలా ఎందుకు నీరసిస్తాయన్నది మన ఊళ్లకు సంబంధించిన విషయం కూడా. వాటి లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లుంటాయి. వాటిలోని ద్రవం వేడికి మెల్లగా ఆరిపోతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కెపాసిటర్, ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు తగ్గేకొద్దీ ఇంచుమించు రెట్టింపు కాలం మన్నుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన అడాప్టర్ లోపల 55 డిగ్రీలుంటే 64,000 గంటలు, అంటే ఏడేళ్ల పైచిలుకు. 75 డిగ్రీలుంటే 16,000 గంటలు, అంటే రెండేళ్లు కూడా నిండవు. మే నెలలో గుంటూరులో బయట 44, 45 డిగ్రీలు తాకే రోజులలో, మధ్యాహ్నం మూతపెట్టిన టీవీ స్టాండులోనో, రౌటరూ సెట్‌టాప్ బాక్సూ ఇన్వర్టరూ కలిసి ఉన్న అటక మూలనో ఇరికించిన అడాప్టర్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చల్లని దేశాలలో కూర్చుని నిర్ణయించిన మన్నిక మన ఇళ్లలో అలాగే దొరకదు. అందుకని పెట్టె ఆగిందంటే నేను మొట్టమొదట అనుమానించేది అడాప్టర్‌నే, అది కూడా వేసవిలో ఆగితే మరీను.

కొత్త అడాప్టర్ కోసం ఆ కంపెనీ వారి విడిభాగమే వెతకనవసరం లేదు. సీసీ కెమెరాల సామాను అమ్మే దుకాణాలలో 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్లు దొరుకుతాయి. వోల్టేజి సరిగ్గా అదే ఉండాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ పనికిరాదు. పిన్ను మధ్యభాగం పాజిటివో నెగటివో పెట్టె వెనుక ఉన్న గుర్తుతో సరిపోల్చాలి. పిన్ను లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లదీ 2.5 మిల్లీమీటర్లదీ చూపుకు ఒకేలా ఉంటాయి గాని తేడా ఉంటే వదులుగా కూర్చుని మళ్లీ అదే జబ్బు తెచ్చిపెడుతుంది. కొన్ని పెట్టెలకు నాలుగు పిన్నుల ప్రత్యేకమైన సాకెట్ ఉంటుంది. వాటికి పాత వైరును కోసి అతికించవచ్చు గాని ఏ పిన్ను ఏమిటో కొలిచి చూసుకున్నాకే.

అడాప్టర్ మార్చినా లేవని పెట్టెలున్నాయి. ఇంటెల్ ఆటమ్ సీ2000 వరుస ప్రాసెసర్లలో ఒక గడియార సంకేతం కాలక్రమేణా బలహీనపడి యంత్రం ఇక బూట్ కాకుండా పోయే దోషముందని 2017లో బయటపడింది. అనేక నాస్‌లు, నెట్‌వర్క్ పరికరాలు ఆ ప్రాసెసర్ మీద తయారయ్యాయి. వాటిలో కొన్నింటిని బోర్డు మీద 100 ఓముల రెసిస్టర్ ఒకటి టంకం వేసి లేపినవారు ప్రపంచమంతటా ఉన్నారు. దాని ఖరీదు రూపాయి. ఇంకొన్ని పెట్టెలలో ఫర్మ్‌వేర్, అంటే పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్, ఉండే ఫ్లాష్ చిప్పు చెడుతుంది, కొన్నింటిలో నాణెం ఆకారంలోని సీఆర్2032 బ్యాటరీ అయిపోతుంది. సెల్‌ఫోన్ బోర్డుల మీద భూతద్దం కింద పనిచేసే కుర్రాళ్లు మన ఊళ్లలో వీధి వీధికీ ఉన్నారు. ఈ పని వారి చేతికి ఏ మాత్రం కష్టం కాదు. ఏం చేయాలో చెప్పేవారు ఉండాలంతే.

విజయవాడ ఆటోనగర్‌ను చూసినవారికి నా బాధ అర్థమవుతుంది. అక్కడ లారీ ఇంజను చెడితే లారీని పారేయరు. ఇంజను దించి, సిలిండర్లు బోరు చేసి, పిస్టన్లు మార్చి, మళ్లీ ఎక్కించి, కావాలంటే బాడీ కూడా కొత్తగా కట్టి రోడ్డు మీదకు పంపుతారు. ఏ భాగం అరిగిందో కనిపెట్టి ఆ భాగాన్ని మార్చడం మన ప్రాంతానికి తరతరాలుగా తెలిసిన విద్య. అదే మనుషులు ఎలక్ట్రానిక్ పెట్టె దగ్గరికి వచ్చేసరికి మొత్తం పోయిందన్న మాటను ఎందుకు ప్రశ్నించరు? లారీ ఇంజను విప్పితే కనిపిస్తుంది, కొలతలు దొరుకుతాయి, విడిభాగం దొరుకుతుంది. ఈ పెట్టెకు బోర్డు పటం దొరకదు, విడిభాగం దొరకదు, లోపలి సాఫ్ట్‌వేర్‌కు తాళం. ప్రపంచం 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పుట్టించిందనీ, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. మన దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి, మరమ్మతు హక్కు పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. ఇవి మంచి అడుగులే గాని, బాగుచేసుకోగల వస్తువును బాగుచేసుకోనిచ్చే దాకా అసలు పని మొదలు కానట్టే.

ఇక పెట్టె లేచింది. ఇప్పుడు నా వాదనలో రెండవ సగం. లేచిన పెట్టెను వెంటనే రౌటర్‌కు తగిలించి, ఫోన్ యాప్ తెరిచి, ఎప్పటిలాగా వాడుకోవడం మొదలుపెట్టకూడదు. యంత్రం బతికినా దాని సాఫ్ట్‌వేర్ చనిపోయి ఉండవచ్చు. మై బుక్ లైవ్‌కు చివరి ఫర్మ్‌వేర్ 2015లో వచ్చింది. 2021 జూన్‌లో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఆ పెట్టెలలోకి ఎవరో దూరి ఫ్యాక్టరీ రీసెట్ చేసేయడంతో, ప్రపంచమంతటా ఎంతోమంది నిద్ర లేచి చూసేసరికి ఫోల్డర్లు ఖాళీగా ఉన్నాయి. పరికరాన్ని వెంటనే ఇంటర్నెట్ నుంచి తప్పించండని ఆ సంస్థే చెప్పవలసి వచ్చింది. 2024లో డీ-లింక్ వారి పాత నాస్ నమూనాలు కొన్నింటిలో బయటివారు ఆదేశాలు నడిపించగల లోపం బయటపడితే, ఇంటర్నెట్ మీద అటువంటివి 92 వేలకు పైగా కనిపిస్తున్నాయని పరిశోధకులు చెప్పారు. ఆ నమూనాలకు మద్దతు కాలం ముగిసింది కనుక సవరణ రాదని, వాడకం మానేయమని సంస్థ చెప్పింది.

ఇందులోనే మరొక ఉచ్చుంది. పాత పెట్టెలలో చాలావాటికి విండోస్‌తో మాట్లాడటానికి ఎస్‌ఎంబీ అనే పద్ధతిలో మొదటి వెర్షన్ మాత్రమే తెలుసు. 2017 మేలో వాన్నాక్రై అన్న దాడి ఆ వెర్షన్‌లోని లోపం గుండానే పాకింది. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 మార్పుల నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో ఆ మొదటి వెర్షన్ లేకుండా చేశారు. దాంతో పాత నాస్ బాగానే ఉన్నా కొత్త కంప్యూటరుకు కనిపించదు, యజమాని అది చెడిపోయిందనుకుంటాడు. కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్‌ఎంబీ 1ను తిరిగి తెరవమని సలహా ఇచ్చేవారు ఎక్కడ చూసినా దొరుకుతారు. ఒక పాత పెట్టె కోసం ఇంట్లోని ప్రతి కంప్యూటరుకూ కన్నం పెట్టుకోవడమే అది. ఆ సలహా పాటించవద్దని వేడుకుంటున్నాను.

సరైన దారి పెట్టెకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పెట్టెలలో చాలావాటికి ఉచితంగా దొరికే లైనక్స్ రకమైన డెబియన్‌నో, దాని మీద నడిచే నాస్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌మీడియావాల్ట్‌నో ఎక్కించవచ్చు. మార్వెల్ కిర్క్‌వుడ్ వంటి చిన్న ఆర్మ్ ప్రాసెసర్లున్న పెట్టెలకు డెబియన్ ఎన్నో ఏళ్లు అండగా నిలిచింది, కాని 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి కెర్నెల్, ఇన్‌స్టాలర్ లేవు. పన్నెండవ విడుదలతో ఆ దారి ముగింపుకొచ్చింది. తెర లేని ఈ పెట్టెలతో మాట్లాడాలంటే బోర్డు మీద ఉండే సీరియల్ పిన్నులకు 3.3 వోల్టుల యూఎస్‌బీ వైరు తగిలించాలి. రాక, పోక, గ్రౌండు, ఈ మూడు వైర్లే చాలు, నాలుగవదైన విద్యుత్తు వైరును తగిలించకూడదు. ఇంత శ్రమ పడలేనివారు పాత ఫర్మ్‌వేర్‌నే ఉంచుకోవచ్చు, కాని అప్పుడు పెట్టెకు స్థిరమైన ఐపీ చిరునామా ఇచ్చి, గేట్‌వే గడిని ఖాళీగా వదిలి, బయటివారికి లోపలి పరికరాల దాకా దారి తెరిచే యూపీఎన్‌పీనీ పోర్టు ఫార్వర్డింగ్‌నూ రౌటర్‌లో ఆపేసి, ఎస్‌ఎంబీ 1 బదులు ఫైళ్లు పంపే ఇతర పద్ధతులైన ఎఫ్‌టీపీ ద్వారానో ఆర్‌సింక్ ద్వారానో ఇంటి లోపలే వాడుకోవాలి. గేట్‌వే తెలియని పెట్టె తనంతట తాను బయటి ప్రపంచానికి దారి కనుక్కోలేదు. ఇది పూర్తి రక్షణ కాదు, ఇంట్లో మరో కంప్యూటరుకు వైరస్ సోకితే దానికీ అంటుకోవచ్చు. అందుకే పని ఉన్నప్పుడు తప్ప అది ఆరిపోయి ఉండాలంటాను.

ఈ సందర్భంలో తయారీదారుల మీద నాకున్న కోపం దాచుకోను. ఈ పెట్టెలలో ఒక్కటి కూడా ఏ కంపెనీ సొంత తెలివితోనే పుట్టలేదు. 1991లో మొదలైన లైనక్స్, విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకోవడానికి ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా, ఇంకా పేరు తెలియని వందలాది మంది ఉచితంగా పంచిన పనిముట్లు లేకపోతే వీటి ఫర్మ్‌వేర్ లేదు. అందరి శ్రమను ఉచితంగా తీసుకుని కట్టిన వస్తువుకు మద్దతు ఆపేసే నాడు, కనీసం చివరి ఫర్మ్‌వేర్‌తో తాళం తీసేసి, యజమాని తనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే వీలు కల్పించడం వారి బాధ్యత. మరమ్మతు హక్కు గురించి మన దేశంలో జరిగే చర్చ ఫోన్ తెరలూ ట్రాక్టర్ విడిభాగాల దగ్గరే ఆగిపోకుండా ఈ విషయాన్నీ కలుపుకోవాలి.

బతికిన పెట్టెకు ఏ పని అప్పగించాలి? రెండవ కాపీ పని, అది కూడా మరో ఇంట్లో. రెయిడ్‌ను బ్యాకప్ అనుకోవడం మన స్టూడియోలలో పాతుకుపోయిన నమ్మకం. రెండు డిస్కులూ ఒకే క్షణంలో ఒకే మార్పును రాసుకుంటాయి కనుక, పొరపాటున తుడిచేసిన ఫోల్డర్ రెండింటిలోనూ తుడిచిపెట్టుకుపోతుంది. ఒక డిస్కు చెడినా పని ఆగకుండా చూడటమే రెయిడ్ చేయగలిగింది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రో స్వయంగా ఫోటోగ్రాఫరే. వేరే చోట అన్న మాట ఎంత బరువైనదో 2024 సెప్టెంబరు 1న విజయవాడ చూసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. నేల అంతస్తు ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు, పుస్తకాలు, కంప్యూటర్లు అన్నీ బురదలో మునిగాయి. ఒకే పెట్టెలో ఉన్న రెండు డిస్కులు ఒకే నీళ్లలో మునుగుతాయి. పక్క గదిలో ఉన్న మూడవ డిస్కు కూడా మునుగుతుంది.

మునిగిన డిస్కుల గురించి రెండు మాటలు చెప్పకపోతే వ్యాసం అసంపూర్తి అవుతుంది. హీలియం నింపి మూసినవి తప్ప మిగిలిన హార్డ్ డిస్కులకు గాలి ఆడటానికి సన్నని రంధ్రం ఉంటుంది. మునిగితే ఆ దారిన నీరు లోపలికి వెళ్లే అవకాశముంది. అటువంటి డిస్కును ఎండలో పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, కరెంటు ఇచ్చి చూడటం చివరి అవకాశాన్ని కూడా పోగొట్టుకోవడమే, ఎందుకంటే ఎండిన బురద రేణువు పళ్లెం మీద తలను గీరేస్తుంది. తడి ఆరకుండా సంచిలో మూసి నిపుణుల దగ్గరికి పంపాలి. పెట్టె బోర్డు సంగతి వేరు, దాన్ని శుభ్రమైన నీటితో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరాక పరీక్షించవచ్చు.

మా అక్కావాళ్లది గుంటూరు, మేనల్లుడి కాపురం విజయవాడలో మొదటి అంతస్తులో. మధ్య దూరం 35 కిలోమీటర్ల లోపే. బావగారి స్టూడియోలో ఇప్పుడు కొత్త నిల్వ ఉంది. బాగుపడిన పాత పెట్టె కొత్త డిస్కులతో మేనల్లుడి ఇంటికి వెళ్లింది. బావగారు అటు వెళ్లినప్పుడల్లా కొత్త పెళ్లిళ్ల ఫైళ్లున్న పోర్టబుల్ డిస్కు తీసుకెళ్తారు, మేనల్లుడు పెట్టెను ఆన్ చేసి కాపీ చేసి ఆపేస్తాడు. డిస్కులు కొత్తవే ఎందుకంటే, పెట్టెను బతికించడం ఎంత న్యాయమో వయసైపోయిన డిస్కును నమ్మకపోవడం అంతే న్యాయం.

క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారికి ఒక లెక్క చెబుతాను. సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో పైకి పంపగల కనెక్షన్ మీద 4 టెరాబైట్లు పంపాలంటే, క్షణం ఆగకుండా నడిచినా ఏడు రోజులు దాటుతుంది. పెళ్లిళ్ల సీజనులో స్టూడియోకు అంత వ్యవధి దొరకదు. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ ఆపేసింది. అద్దె కట్టినన్నాళ్లే అక్కడ చోటు. అయినా ఇంటి దస్తావేజులూ, సర్టిఫికెట్లూ, ఎంచుకున్న కొన్ని వందల ఫోటోలూ క్లౌడ్‌లో ఒక కాపీ ఉంచుకోవడం మంచిదే, అందుకు నేను వ్యతిరేకిని కాను. మొత్తం బరువును దాని మీదనే వేయడం సరికాదంటున్నాను.

బోర్డు నిజంగానే కాలిపోయినవారికి కూడా దారి ఉంది. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఆ డిస్కులను బిగించి లైనక్స్ ఎక్కించవచ్చు. కరెంటు బిల్లు ఎక్కువవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే గాని అది వాడకాన్ని బట్టి ఉంటుంది. 60 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ నడిస్తే 525 యూనిట్లు, 15 వాట్ల నాస్ అయితే 131. అదే డెస్క్‌టాప్‌ను వారానికి రెండు గంటలు నడిపితే ఏడాదికి ఆరు యూనిట్ల పైచిలుకు మాత్రమే. రెండవ కాపీ యంత్రానికి రోజంతా మెలకువగా ఉండవలసిన పని లేదు కాబట్టి పాత డెస్క్‌టాప్ దానికి చక్కగా సరిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే దాని బ్యాటరీయే యూపీఎస్ పని చేస్తుంది, కాని ఆ బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం వాడకూడదు.

కాపీ ఉందన్న నమ్మకం తెరిచి చూస్తేనే నిలుస్తుంది. ఆరు నెలలకొకసారి ఏదో ఒక పాత పెళ్లి ఫోల్డర్‌ను ఆ పెట్టె నుంచి వెనక్కి తెచ్చి, ఫోటోలు తెరుచుకుంటున్నాయో లేదో, వీడియో చివరిదాకా నడుస్తోందో లేదో చూడాలి. పాత డిస్కులను తుక్కువాళ్లకు ఇవ్వవలసి వస్తే ఫార్మాట్ చేసి ఇవ్వడం సరిపోదు. ఫార్మాట్ చేసిన డిస్కు నుంచి ఫైళ్లు తిరిగి తీయవచ్చు, అందులో ఉన్నవి ఇతరుల ఆడపిల్లల పెళ్లి ఫోటోలు. తిరుగుతున్న డిస్కయితే మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సున్నాలు రాయించాలి, ఇప్పటి డిస్కులకు ఆ ఒక్కసారి చాలు. తిరగని డిస్కయితే పైమూత విప్పి పళ్లేలను పాడుచేసి, మిగిలినదాన్ని ఈ-వ్యర్థాలకు అనుమతి పొందిన రీసైక్లర్‌కు అప్పగించాలి. పనిచేసే బోర్డును, పెట్టెను మాత్రం వాటితో కలిపి పంపవద్దు. అదే నమూనా చెడిపోయి విడిభాగం దొరకక చూస్తున్నవారు మన ఊళ్లోనే ఎవరో ఉంటారు.